ఎదురు పురి

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున ఓ తాళ్ల ఫ్యాక్టరీ ఉండేది. అడవికంతటికీ మోకులూ పగ్గాలూ అక్కణ్ణుంచే వెళ్లేవి. మూడు ఎలుగుబంట్లు మూడు చక్రాల దగ్గర కూర్చుని, నారని కుడికి తిప్పుతూ మూడు పోగులు పేనేవి. ఆ మూడింటినీ చివరి చక్రానికి కట్టి కొండముచ్చు సూరమ్మ ఎడమకి తిప్పేది. ఆ ఎదురు పురి పడితేనే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ఆ చక్రం మీద సూరమ్మ తల్లి పనిచేసింది, తల్లి తరవాత సూరమ్మ. అదంటే ఆమెకి ప్రాణం.

అంతా సజావుగా నడుస్తుండగా కొత్త మేనేజరుగా నెమలిగారు దిగారు. తాడు సంగతి ఆయనకి ఓనమాలు కూడా తెలీవు గానీ, తోక విప్పి ఉపన్యాసం అందుకుంటే భోజనాల వేళ దాటిపోవాల్సిందే. ఆయన వెనకాలే సూపర్‌వైజరు తొండ. తల ఊపడం పుట్టుకతోనే వచ్చు కాబట్టి ఆ ఉద్యోగానికి దానికి వేరే అర్హతలు అడగలేదు.

మొదటిరోజే నెమలిగారు సూరమ్మ దగ్గర ఆగారు. ముగ్గురూ ఒకవైపు తిప్పుతుంటే నువ్వొక్కదానివే రెండోవైపు తిప్పడమేమిటని నిలదీశారు. ఆమె ఓపిగ్గా చెప్పబోయింది. వినే తీరిక ఆయనకెక్కడిది? సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. ఇకమీదట అందరూ కుడికే తిప్పాలి, కాదన్నవాళ్లు సంస్థకి శత్రువుల కింద లెక్క.

ఎలుగుబంట్లు పిల్లలుగలవి, సర్క్యులర్ కింద వేలిముద్రలు వేసేశాయి.

"విడిపోయే తాడు నా చేత్తో పేనలేను సార్" అంది సూరమ్మ.

మర్నాడే ఆమె సస్పెండైంది. తొండ కాగితం చేతికిచ్చి తల ఊపింది.

సూరమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు పండు ముట్టలేదు. మూడో రోజు మొగుడు అప్పన్న చూడలేక, ఇంత నార తెచ్చి ఆమె ముందు పడేశాడు. పెరట్లో చెరో కొసనా కూర్చుని, పోగులు ఆయన కుడికి తిప్పి ఇస్తే ఈవిడ కలిపి ఎడమకి తిప్పుతూ, మధ్యమధ్య కూరలో ఉప్పు గురించి పోట్లాడుకుంటూ ఇరవై బారల మోకు పేనారు. ఆ పూట ఆమె కడుపునిండా తింది.

అవతల ఫ్యాక్టరీలో అన్నీ కుడి పురులతో కొత్త మోకు తయారైంది. నెమలిగారు దానికి ఐక్యతా మోకు అని పేరు కూడా పెట్టారు. ప్రారంభోత్సవానికి సింహం రాజుగారు వేంచేశారు. ఆయన తెప్పెక్కి వాగు దాటాలి, అవతలి ఒడ్డునుంచి ఏనుగులు ఆ మోకుతో తెప్పని లాగాలి. వాగేమో కొత్తనీటితో ఉరకలేస్తోంది.

"ప్రభూ, ఇందులో వ్యతిరేకించే పోగు ఒక్కటంటే ఒక్కటి లేదు" అన్నారు తెప్పమీద పక్కనే నిలబడ్డ నెమలిగారు.

సరిగ్గా నడివాగులో మూడు పోగులూ ఎవరి దారిన అవి విడిపోయి, ఒకదాని తరవాత ఒకటి పుటుక్కుమన్నాయి. తెప్ప గిర్రున తిరిగి కిందికి కొట్టుకుపోయింది. నెమలిగారు మరో ఆలోచన లేకుండా ఎగిరి మద్దిచెట్టెక్కారు. ఒడ్డున తొండ ఇంకా తల ఊపుతూనే ఉంది.

ఆ దిగువనే సూరమ్మ ఇల్లు. రాజుగారి కేక విని ఇద్దరూ పరుగెత్తారు. అప్పన్న ఇంట్లోని మోకు ఒక కొస చెట్టుకి కట్టాడు, ఆమె రెండో కొస విసిరింది. రాజుగారు పళ్లతో కరిచి పట్టుకున్నారు. మోకు కిర్రుకిర్రుమంది గానీ తెగలేదు.

ఒడ్డెక్కి గజగజ వణుకుతూ, ఇదెందుకు తెగలేదని అడిగారాయన.

"కుడికి తిప్పినవాటిని కలిపి ఎడమకి తిప్పాం ప్రభూ. ఏ పోగు విడిపోదామన్నా మిగతావి పోనివ్వవు" అంది సూరమ్మ.

రాజుగారు అక్కడికక్కడే ఆమె ఉద్యోగం ఆమెకి ఇప్పించేశారు.

మర్నాడు సూరమ్మ తెల్లారకుండానే వెళ్లి తన చక్రానికి దణ్ణం పెట్టుకుంది. తల ఎత్తితే గోడమీద కొత్త సర్క్యులర్. చెట్టుమీంచి రక్షణ పనులు పర్యవేక్షించినందుకు మెప్పు పొందిన నెమలిగారే రాశారు. రాజుగారిని కాపాడింది ఎడమ పురి కనక, ఇకమీదట అందరూ ఎడమకే తిప్పాలట.

ఎలుగుబంట్లు అప్పటికే బుద్ధిగా ఎడమకి తిప్పుతున్నాయి. సూరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తరవాత కూర్చుని, అరచేతులు రుద్దుకుని, చక్రాన్ని కుడికి తిప్పింది. తాడు చక్కగా బిగుసుకుంటోంది. తొండ ఆమె మీద మెమో రాయడానికి కాగితం తీసింది.

నీతి: తాడు నిలవాలంటే ఎదురు తిప్పేవాళ్లు ఒకరుండాలి, ఉద్యోగం నిలవాలంటే ఆ ఒకరు మీరు కాకూడదు.