నూటికి నూరు శాతం, ఒక బాయిలర్

"రాబోయే అధ్యక్ష ఎన్నికల్లో నూటికి నూరు శాతం పోలింగు సాధించిన కేంద్రానికి సరికొత్త బాయిలర్ బహూకరించబడును." మా జిల్లా పాలకులు హాకిం గారు ఈ ప్రకటన చేసిన రోజున మా యంగిసోయ్ బడిలో గోడ మీది థర్మామీటరు మైనస్ ఆరు చూపిస్తోంది. గోడకి లోపలి వైపు.

ప్రజాస్వామ్యాన్ని చలికాలంతో ముడిపెట్టాలని ఇంతవరకు ఏ దేశంలోనూ ఎవరికీ తట్టలేదు. అందుకే వాళ్ళు వాళ్ళే, మా హాకిం గారు హాకిం గారే.

నేను ఆ బడిలో భూగోళం చెబుతాను. మా పిల్లలు సహారా ఎడారి పాఠాన్ని కదలకుండా వింటారు. అయిపోగానే మళ్ళీ చెప్పమంటారు. కిందటేడు పరీక్షల్లో పెన్నుల్లో సిరా గడ్డకట్టి అందరూ పెన్సిళ్ళతో రాశారు. మా హెడ్మాస్టరు హోషిమ్ అకా, అంటే హోషిమ్ అన్న, రోజూ తెల్లారకముందే వచ్చి, బొగ్గు బకెట్లు తానే మోసి ఎనిమిది గదుల్లో పొయ్యిలు వెలిగిస్తాడు. ఆయనకి అరవై రెండేళ్ళు, నడుము నొప్పి. బాయిలరుంటే గదులన్నీ ఒక్కచోటి నుంచే వెచ్చబడతాయి. దాచుకోవడమెందుకు, నాకు ఆ బాయిలర్ కావాలి. ఆయనకైతే అది ప్రాణావసరం.

ఎన్నికల రోజున మా బడే పోలింగు కేంద్రం. కేంద్రానికి హోషిమ్ అకా అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. నాకు రెండు పనులు అప్పగించారు. ఒకటి, పోలింగు శాతం ఎప్పటికప్పుడు జిల్లాకి ఫోన్లో చెప్పడం. రెండోది, ఓటర్ల మూడ్ చెప్పడం. మూడ్ విషయంలో తప్పులు దొర్లకుండా జిల్లావారు ముందే ఫారం అచ్చు వేసి పంపారు. ఎనిమిది గంటలకు సంతోషం. పదకొండుకు ఉత్సాహం. రెండింటికి అమితోత్సాహం. నేను సంతకం పెడితే చాలు.

ఏడింటికి తలుపులు తెరిచాం. వాకిట్లో పెద్ద కడాయిలో పలావు ఉడుకుతోంది, డోలు మోగుతోంది. మా ఊళ్ళో ఓటు వేయడానికి ఇంటికొకరు వస్తారు. మాకు గుర్తింపు కార్డు పాస్‌పోర్టే; ఇంటి పెద్ద కుటుంబంలో అందరి పాస్‌పోర్టులూ రుమాల్లో మూట కట్టుకొచ్చి, అందరి ఓట్లూ తానే వేసి, పలావు తిని వెళతాడు. రష్యాలో ఇటుకలు మోస్తున్న కొడుకుల పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉంటాయి కనక, ఎర్గాష్ అనే ఆయన వాటికి బదులు తన కొడుకుల పెళ్ళి ఫొటో చూపించాడు. ఫొటోలో వాళ్ళు ఉత్సాహంగానే ఉన్నారు.

తొమ్మిదీ నలభైకి లెక్క చూశాం. మొత్తం ఓటర్లు పన్నెండు వందల నలభై ఏడు. ఓటు వేసినవాళ్ళు పన్నెండు వందల నలభై ఆరు.

"ఎవరా ఒక్కరు?" అన్నాడు హోషిమ్ అకా.

ఎర్గాష్ తల దించుకున్నాడు. "మా అమ్మ. పాస్‌పోర్టు ఇవ్వనంది. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంది."

ఎర్గాష్ తల్లి సాలోమత్‌ని ఊరంతా ఖోలా, అంటే పిన్ని, అంటారు. ఆవిడకి ఎనభై ఒకటి. మా హెడ్మాస్టరు చెవి చిన్నప్పుడు మెలిపెట్టిన మనిషి. మేమిద్దరం పరుగున వెళ్ళాం. ఆవిడ తందూరులో మాంసం కూరిన సంసాలు కాలుస్తోంది.

"ఖోలా, ఈ చలిలో మీకెందుకు శ్రమ? ఓటు పెట్టె ఇక్కడికే తెస్తాం," అన్నాడు హోషిమ్ అకా.

"నా కాళ్ళకేమైందిరా?"

"ఏమీ కాలేదు."

"మరి నడిచే వస్తా. ఈ వాయి దిగనీ."

పదకొండున్నరకి వచ్చింది. కొత్త శాలువా, చేతికర్ర, కళ్ళజోడు. పన్నెండింటికి హాకిం గారు టీవీవాళ్ళతో, బాయిలర్ లారీతో వస్తారని కబురు. హోషిమ్ అకా స్వయంగా బ్యాలెట్ అందించి, పెట్టె వైపు దారి చూపించాడు.

"ఉండరా. ఎవరెవరు నిలబడ్డారు?"

అధ్యక్షుల వారు కాక ఇంకో ముగ్గురు ఉన్నారని మాత్రమే మాకు తెలుసు. పేర్లున్న పోస్టరు కోసం వెతికితే పలావు బియ్యం బస్తాల వెనక దొరికింది. ఖోలా కుర్చీ వేయించుకుని, నలుగురి జీవిత విశేషాలూ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"ఈ ముగ్గురూ ఏమంటున్నారు?"

"అధ్యక్షుల పాలన బాగుందంటున్నారు, ఖోలా."

"మరి ఎందుకు నిలబడ్డట్టు?"

"పోటీ ఉండాలి కదా."

"వీళ్ళు తమ ఓటు ఎవరికి వేస్తారట?"

"అది రహస్యం."

"మొన్న టీవీలో చెప్పారుగా, ఆయనకే అని."

"అయితే రహస్యం కాదు."

ఖోలా రెండో అభ్యర్థి బాల్యం దగ్గరికి వచ్చేసరికి హాకిం గారు దిగారు. కెమెరా మనిషి హాలంతా చూసి, ఓటర్ల వరుస ఏదని అడిగాడు. అందరూ ఓటు వేసేశారని చెప్పాను. వరుస లేకపోతే వార్త లేదన్నాడు. పంతుళ్ళం పదకొండు మందిమి కోట్లు మార్చుకుని మూడుసార్లు వరుస కట్టాం. మా లెక్కల మాస్టారు మూడోసారి నిజంగానే భావోద్వేగానికి లోనయ్యాడు.

హాకిం గారు గడియారం చూశారు. "అమ్మా, ఇంకా ఎంతసేపు?"

"నాలుగో ఆయన మిగిలాడు, బాబూ. నా మనవరాలికి ఈ బళ్ళోనే చలికి వేళ్ళు వాచాయి. నా ఓటుకి బాయిలర్ వస్తుందన్నారు. అంత ఖరీదైన ఓటు చూసుకుని వేయాలి కదా."

ఒంటిగంటా పదికి లేచింది. తెర కట్టిన గదిలోకి వెళ్ళాలంది. మా కేంద్రంలో ఆ గదిని ఇంతవరకు ఎవరూ అడగలేదు కనక, వంటవాళ్ళు అందులో క్యారెట్లు పోసుకున్నారు. పోలింగు సిబ్బంది అంతా కలిసి క్యారెట్లు ఖాళీ చేశాం. లోపల ఆవిడ ఎవరికి వేసిందో నాకు తెలియదు. మా ఊళ్ళో నేను చూసిన మొదటి రహస్య ఓటు అదే.

కాగితం పెట్టెలో పడగానే హోషిమ్ అకా కళ్ళు చెమర్చాయి. "నూరు శాతం," అన్నాడు. హాకిం గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. డోలు మోగింది. బాయిలర్ దించమని హుకుం అయింది.

లారీలో నిలువెత్తు చెక్కపెట్టె, ఎర్ర రిబ్బను. మేము నలుగురం బిగపట్టి, నడుములు జాగ్రత్త చేసుకుని ఒక్కసారిగా ఎత్తాం. పెట్టె గబుక్కున పైకి లేచింది. లెక్కల మాస్టారు వెల్లకిలా పడ్డాడు.

పెట్టెని హాల్లో నిలబెట్టాం. హాకిం గారు రిబ్బను కత్తిరించారు. కెమెరా అన్ని వైపుల నుంచీ తీసింది. తర్వాత హాకిం గారి సహాయకుడు రిబ్బను మళ్ళీ ముడేసి, "ఎక్కించండి," అన్నాడు.

"ఎక్కించడమేంటి? ఇది మాది కదండీ?" అన్నాడు హోషిమ్ అకా.

"మీదే. పక్క ఊరు కూడా నూరు శాతమే. వాళ్ళదీ ఇదే. ఇంకా పదమూడు కేంద్రాలున్నాయి, త్వరగా కానివ్వండి."

సాలోమత్ ఖోలా వచ్చి చేతికర్రతో పెట్టె మీద ఒక్కటి కొట్టింది. డోలుకన్నా బాగా మోగింది. ఆవిడ శాలువా సర్దుకుని, హాకిం గారిని పైనుంచి కిందకి చూసి, "పోస్టరులో దీని జీవిత విశేషాలు రాయలేదే," అని ఇంటి దారి పట్టింది.

లారీ వెళ్ళిపోయింది. హాలు తలుపులు పెట్టె కోసం బార్లా తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. హోషిమ్ అకా బొగ్గు బకెట్ తీసుకుని మొదటి గది వైపు నడిచాడు.

రెండు గంటలకు జిల్లా నుంచి ఫోను.

"మీ కేంద్రంలో మూడ్?"

"అమితోత్సాహం," అన్నాను.

"సంతకం పెట్టారా?"

ఫారం తీసి పెన్ను పట్టుకున్నాను. సిరా గడ్డకట్టింది. పెన్సిలుతో పెట్టాను.