నానో పొడి వచ్చాక

బకెట్ల ఫ్యాక్టరీలో పనివాళ్లను ప్లాస్టిక్ గుళికలతో పాటే కరిగించడం మొదలై పాతికేళ్లయింది. పొద్దున ఎనిమిదింటికి హాజరు వేయించుకుని తొట్టిలోకి దిగుతారు. కరిగి బొట్లవుతారు. ముందుకు తోసే పెద్ద స్క్రూ తిరుగుతుంటే సాయంత్రం దాకా గొట్టంలో ప్రవహించి, ఐదింటికి చల్లారి, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి పోతారు. పీఎఫ్ సౌకర్యం కూడా ఉంది.

అక్కడి పాత పనివాడు బిక్షపతి బెంగంతా పాత రోజుల మీదే. అప్పట్లో బొట్టుకు బొట్టు తగిలిందంటే నీది నాది లేకుండా కలిసిపోయేవి. అతనూ తోటి పనివాడు జహంగీరూ రోజూ కలిసేవాళ్లు. సాయంత్రం విడదీసేటప్పుడు కాస్త అటూ ఇటూ అయ్యేది. జహంగీర్ బోనాల పాట కూనిరాగం తీస్తూ ఇల్లు చేరేవాడు. బిక్షపతికేమో తానెన్నడూ చూడని జహంగీర్ తల్లి ముఖం కళ్లలో మెదిలేది, ఆమె చేతి రంజాన్ షీర్ కుర్మా నాలుక మీద తీయగా ఉండేది. ఇంట్లో పెళ్లాలు సణిగేవాళ్లు. ఎంత మంచి రోజులవి!

ఒక వేసవిలో నలభై మంది కలిసి ఒకే పెద్ద బొట్టయ్యారు. ఆ బొట్టు షెడ్డుకు ఫ్యాన్లు కావాలంది. పెద్ద బొట్టున్న చోటే బకెట్టు పగులుతుందని మర్నాడే నోటీసు అంటించారు, వారంలో నానో పొడి తెప్పించారు. కంటికి ఆనని ఆ పొడి ప్రతి బొట్టు చుట్టూ పేరుకుంటుంది. ఎంత ఒరుసుకున్నా బొట్లు కలవవు. బకెట్లు గట్టిపడ్డాయి. ఫ్యాన్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మూడేళ్లలో బిక్షపతి నాలుక మీది రుచీ అరిగిపోయింది.

జహంగీర్ రిటైరయ్యే రోజు పొద్దున్నే బిక్షపతి అర్జీ పట్టుకుని సూపర్‌వైజరు వేణుమాధవ్ దగ్గరికి పోయాడు.

“సార్, ఇయ్యాల ఒక్క గంట పొడి ఆపుండ్రి. అమ్మ మొఖం యాదికొస్తలేదు.”

“మీ అమ్మదా?”

“కాదు సార్, జహంగీరోళ్ల అమ్మది.”

వేణుమాధవ్ అర్జీ మీద ‘తిరస్కరణ’ ముద్ర వేశాడు. “తగులుండ్రి, పొద్దంత తగులుండ్రి. ఎవడొద్దన్నడు? కలుసుడే బందు.”

మధ్యాహ్నం మూడింటికి గొట్టంలో జహంగీర్ ఎదురొచ్చాడు. బిక్షపతి ఉన్న బలమంతా పెట్టి ఒత్తాడు, సాగాడు, చదునయ్యాడు. మధ్యలో పొడి కదల్లేదు. ఇద్దరూ పక్కపక్కనుంచి జారిపోయారు. బిక్షపతికి ఏడుపొచ్చింది గానీ కరిగినవాడికి కళ్లెక్కడివి?

ఐదింటికి జహంగీర్‌కు శాలువా కప్పారు. గేటు దగ్గర బిక్షపతి అడిగాడు.

“భాయ్, మీ అమ్మ ఎట్లుంటుండె?”

“మంచిగుంటుండె.” జహంగీర్ శాలువా సర్దుకున్నాడు. “శానా మంచిగుంటుండె.”

మాటల్లో అంతకంటే రాలేదు. ఎవరి బస్సు వాళ్లెక్కారు. బస్సు కిక్కిరిసి ఉంది. పక్కవాడి చెమట చేతికి తగిలితే బిక్షపతి జేబురుమాలుతో తుడుచుకుని, కాస్త జరిగి నిలబడ్డాడు.