ప్రారంభోత్సవం కాని బడి

రామలింగనగర్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలను ఏడాది తిరిగేలోగా అమెరికా స్థాయికి తీసుకెళ్తామని, రెండువేల సంవత్సరం మే నెలలో మన విద్యామంత్రి సీతారామారావుగారు ప్రకటించారు. ఇలాంటి మాట అనడానికి గుండెధైర్యం కావాలి. అప్పటికా బడి ఇంకా రామలింగనగర్ స్థాయికే రాలేదు.

హైదరాబాద్ శివార్లలోని ఆ ఊరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాయి. వాటి వెనక అపార్టుమెంట్లూ, అవి కట్టే కూలీలూ, వీళ్ళందరి పిల్లలూ వచ్చారు. గదులు మాత్రం రాలేదు. ఉన్నవి తొమ్మిది, పిల్లలు పంతొమ్మిది వందల మంది. గదులు కావాలని హెడ్‌మిస్ట్రెస్ లీలావతిగారు పద్నాలుగు అర్జీలు పెట్టారు. మంత్రిగారి మనసు కరిగి, విదేశీ అధ్యయన యాత్ర మంజూరు చేశారు.

అమెరికాలో ఇలాగే జనం పెరిగిపోతున్న ఓ ఊళ్ళో ప్రభుత్వ హైస్కూలు ఎలా నెట్టుకొస్తోందో చూసిరావాలని సంకల్పం. పదకొండు మంది బృందం. ఏ స్కూలుకి వెళ్తున్నారు, అక్కడ ఏం తెలుసుకుంటారు అని వీసా ఇచ్చేవాళ్ళు అడిగితే, జవాబు చెప్పగలిగింది లీలావతిగారొక్కరే. వీసా కూడా ఆవిడకొక్కరికే వచ్చింది. ఒక్క మనిషిని పంపితే బృందస్ఫూర్తి దెబ్బతింటుందని మంత్రిగారు దూరం ఆలోచించి, యాత్రను సింగపూర్‌కి మార్చారు. అమెరికా వెళ్ళే విమానాలు అక్కడ ఆగుతాయి కనక, సగం అమెరికా చూసినట్టేనన్నారు.

ఇందులో నా పాత్ర స్వల్పం. నేను ఇక్కడ సింగపూర్‌లో ఓ బ్యాంకులో ప్రోగ్రాములు రాసుకుంటూ ఉంటాను. చోవా చూ కాంగ్ అనే పేటలో కాపురమున్న పాపానికి, మా ఫ్లాట్ల పక్కనున్న కొత్త సెకండరీ స్కూలును బృందానికి చూపించమని తెలుగు సంఘంవాళ్ళు నాకు పురమాయించారు.

"జూన్‌లోనా? స్కూల్ హాలిడేస్ లా, నాన్నా!" అంది మా అమ్మాయి సరయు, ఈ ఊరి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

ఆ సంగతే ఎయిర్‌పోర్టులో మంత్రిగారికి మనవి చేసుకున్నాను. ఆయన చలించలేదు.

"మంచిదేగదయ్యా. పిల్లలుంటే అధ్యయనానికి అడ్డం."

స్కూలు గేటు దగ్గర వైస్ ప్రిన్సిపల్ హేమమాలినిగారు ఎదురొచ్చారు. వాళ్ళ ముత్తాతగారు విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చినవారు. నాలుగు తరాలుగా వాళ్ళ తెలుగు ఈ ఊరి నీళ్ళు తాగుతోంది.

"వాంగ వాంగ, రండి! ముందు మకాన్ చేస్తారా, స్కూల్ చూస్తారా?"

మకానంటే భోజనమని నేను చెప్పకముందే బృందానికి అర్థమైంది. అధ్యయనంలో ఆ భాగం గంటన్నర సాగింది.

తరవాత లీలావతిగారు నోటుబుక్కు తెరిచారు.

"పిల్లలు ఇంతమంది వస్తారని మీకు ముందే ఎలా తెలిసిందండీ?"

"ఫ్లాట్లు కట్టేటప్పుడే లెక్క వేస్తారు కదా. ఇన్ని ఇళ్ళంటే ఇంతమంది పిల్లలు. జనం తాళంచెవులు తీసుకునే వేళకి బడి రెడీ."

లీలావతిగారి కలం ఆగింది. "ఎవరూ అర్జీ పెట్టకుండానేనా?"

"అర్జీ అంటే ఏమండీ?"

"ఏం లేదులెండి," అని ఆవిడ మళ్ళీ రాసుకోసాగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ రాశారు.

ఈలోగా మంత్రిగారు భవనం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, చెమటలు కక్కుతూ వచ్చారు.

"శిలాఫలకం ఏదమ్మా? ఎవరు ప్రారంభించారో రాసుంటుందే, ఆ రాయి?"

"అఫీషియల్ ఓపెనింగ్ ఇంకా అవలేదండీ. క్లాసులు మొదలై రెండేళ్ళయింది."

"ప్రారంభోత్సవం కాకుండానే పాఠాలు చెప్పేస్తున్నారా!"

ఆయన గోడ మీద చెయ్యి వేసి చూశారు. గట్టిగానే ఉంది. ఆ తరవాత హేమమాలినిగారికి జాలిగా మన పద్ధతి వివరించారు. "మా దగ్గర ప్రారంభోత్సవాలన్నీ ఎప్పుడో అయిపోయాయమ్మా. భవనాలే రావాలి."

బృందం ఫొటోకి నిలబడింది. వెనక ఫలకం లేకపోతే మంత్రిగారికి నవ్వు రావడం లేదు. అప్పుడు పి.ఎ. జయరాం తన సంచీలోంచి ఒక గుడ్డ తీసి విప్పాడు. దాని మీద పాలరాతి చారలు గీసి ఉన్నాయి. 'రామలింగనగర్ ప్రభుత్వ ఉన్నత పాఠశాల నూతన భవనం. ప్రారంభకులు: శ్రీ సీతారామారావు' అని అక్షరాలు. ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని ఎప్పుడూ వెంట ఉంచుకుంటాడట. ఇలాంటి ముందుచూపున్న ఉద్యోగిని నేను మా బ్యాంకులో కూడా చూడలేదు.

"అయ్యా, అది మా బడి పేరండీ," అన్నారు లీలావతిగారు.

"ఫొటోకేగదమ్మా! అరిగిపోతుందా?"

గుడ్డను గేటు గోడకు అంటించి ఫొటో తీశారు. నోటుబుక్కు అడ్డం వస్తోందని లీలావతిగారిని పక్కకి జరగమన్నారు.

నాలుగో రోజుకల్లా ఆ ఫొటో మన పత్రికలో మొదటి పేజీలో పడింది. 'రామలింగనగర్‌లో నాలుగంతస్తుల బడి. మాట నిలబెట్టుకున్న మంత్రి.' ఏడాది అన్న పని నెలన్నరలో పూర్తయింది. మన దేశంలో పనులు ఆలస్యమవుతాయనేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

ఆగస్టులో లీలావతిగారు ఫోన్ చేశారు.

"బాబూ, మాకు ఆరు రేకుల గదులు ఇస్తామని కాగితం వచ్చింది. నిన్న రద్దు చేశారు. నాలుగంతస్తుల భవనం ఉండగా రేకులెందుకన్నారు."

"భవనం లేదని చెప్పలేకపోయారా, మేడమ్?"

"చెప్పాను. ఇంజినీరుగారు స్వయంగా వచ్చి మైదానమంతా తిరిగారు. ఏమీ కనబడలేదు. ఫొటో చూపించి, ఇది సింగపూర్‌లో ఉందండీ అన్నాను. పాపం నిక్కచ్చి మనిషి. భవనం కళ్ళారా చూడకుండా, అది ఉందని సంతకం పెట్టనన్నారు."

"పోనీలెండి, ఒక్కరైనా ఉన్నారు."

"అందుకే శుక్రవారం అక్కడికి వస్తున్నారు. మీరు ఎయిర్‌పోర్టుకి వెళ్ళగలరా?"

సెలవు పెడతానన్నాను. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల పిల్లలు గొంతెత్తి పాఠం చదువుతున్నారు. మధ్యమధ్య లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"మరి, ఏడో తరగతి సి సెక్షన్‌ని కూడా ఆయన వెంట పంపించమంటారా? అరవై ఎనిమిది మంది," అన్నారు లీలావతిగారు. "గది ఇవ్వకపోయినా ఫరవాలేదు బాబూ. వరండా చాలు."