రుమాలు కట్టిన ధీరోదాత్తుడు

మన యువతరానికి ఆదర్శంగా చూపించదగిన మనిషి ఒక్కడే మిగిలాడు. వాడు మొహానికి ముసుగు కట్టుకుంటాడు.

నవ్వకండి. నేను యూనివర్సిటీలో తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, నవ్వించడం నా సిలబస్‌లో లేదు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని కావ్యనాయకులను విడదీసి, ఎన్నో ఏళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాను. ఇంతవరకూ ఏ విద్యార్థీ వీళ్ళలో ఒక్కరిలాగానైనా ప్రవర్తించిన దాఖలా లేదు. తార్నాకలో పాత పుస్తకాలవాడి దగ్గర అద్దెకు దొరికే ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒక్కటి చదివినవాడు మాత్రం, మర్నాటికల్లా హాస్టల్ మేడ మీంచి దూకడానికి తయారుగా ఉంటాడు. ఏది బలమైన సాహిత్యం?

ముసుగు హీరో అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు వేసుకుంటాడు. వాటి మీద లంగోటా కట్టుకుంటాడు. మామూలు వేళల్లో ఏదో ఆఫీసులో తలవంచుకుని పనిచేస్తాడు. ఎవరికైనా ఆపద వస్తే కళ్ళ చుట్టూ నల్ల గుడ్డ కట్టుకుని బయల్దేరతాడు. మెప్పు అడగడు, సన్మానం అడగడు, పత్రికలో ఫోటో వేయమనడు. ఇలాంటివాణ్ణి మన పెద్దమనుషుల్లో ఒక్కణ్ణి చూపించండి. మొన్న చంద్రుడి మీద దిగినవాళ్ళు కూడా అద్దాల ముసుగులు వేసుకునే దిగారు.

మన జానపద సినిమాల్లోనూ వీడున్నాడు. రాజకుమారుడు కళ్ళకు గుడ్డ కట్టుకోగానే తల్లి గుర్తుపట్టదు, ప్రేయసి గుర్తుపట్టదు, దుర్మార్గుడైన సేనాపతి అసలే గుర్తుపట్టడు. నేల టికెట్టువాళ్ళు మాత్రం గుర్తుపట్టి ఈలలు వేస్తారు.

మా డిపార్టుమెంటులోనే పనిచేసే శ్రీనివాసరావు గారికి ఇది బొత్తిగా గిట్టదు. ఆయన మా ఎదురింట్లో ఉంటారు. ఇద్దరం కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడినవాళ్ళం. "గొంతూ, నడకా, మీసం అన్నీ బయటే ఉండగా జానెడు గుడ్డకి కన్నతల్లి పోల్చుకోలేదంటే ఎలాగండీ? ఔచిత్యం ఉండక్కర్లా?" అంటారాయన.

ఇక్కడే ఆయన పొరబడ్డారు. కన్నతల్లి పోల్చుకుంటుంది. పోల్చుకోనట్టు ఉంటుంది. ఆ పాత్రపోషణ ఎంత లోతైనదో ఈ వేసవిలో మా వీధిలో ప్రత్యక్షంగా చూశాను. అందుకే ఈ వ్యాసం.

ఈ ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచి మా ఊళ్ళో ఏం జరిగిందో మీకు తెలుసు. ఎవరిది న్యాయం అన్నది నేనిక్కడ తేల్చబోవడం లేదు. కావలసినవాళ్ళు మా వీధిలో ఏ అరుగు మీద కూర్చున్నా రెండువైపుల వాదనా వినవచ్చు, దెబ్బలు తగలకుండా లేచి రావడం మాత్రం వారి పూచీ. క్లాసులు మూతపడ్డాయి. బంద్ లేని రోజున కర్ఫ్యూ, కర్ఫ్యూ లేని రోజున బంద్. ఆర్ట్స్ కాలేజీ ముందు పోలీసులు బాష్పవాయువు వదిలితే, విద్యార్థులు రుమాళ్ళు తడిపి ముక్కుకీ నోటికీ కట్టుకునేవారు. క్యాంపస్ నిండా ముసుగు హీరోలే. ఏ రుమాలు వెనక ఎవరున్నారో ఎవరూ అడిగేవారు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి కామాక్షి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన వారానికి తల్లికి విషజ్వరం తగిలి పాలు ఆగిపోయాయి. డబ్బా పాల కోసం సికింద్రాబాదంతా తిరిగాను, దొరకలేదు. మాకు మిగిలిన ఆధారం లింగమ్మ గేదె.

లింగమ్మది మాణికేశ్వర్ నగర్. మేము తార్నాకకు వచ్చిన నాటి నుంచీ మాకు పాలు పోస్తున్నది ఆవిడే. కామాక్షి పెళ్ళి పందిట్లో మా చుట్టాల కంటే ఎక్కువ పని చేసింది. ఆవిడ ఒకరోజు ఖాళీ చేతులతో వచ్చి గేటు అవతలే నిలబడింది.

"ఆంధ్రోళ్ళ ఇండ్లకు పాలు పొయ్యొద్దన్నరమ్మా మా బస్తోళ్ళు. నలుగురిల బతికెటోళ్ళం. నన్నేం జెయ్యమంటవు చెప్పు" అని మా ఆవిడ సుబ్బలక్ష్మితో అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు పసిపిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. మర్నాటికి అంతగా వినిపించలేదు. ఏడుపు తగ్గిందని నేను కాస్త స్థిమితపడ్డాను. తగ్గినందుకే సుబ్బలక్ష్మి భయపడింది. చెంచాతో చక్కెర నీళ్ళు పోస్తూ, ఆవిడ నా మొహంలోకి చూడడం మానేసింది.

ఆ తర్వాతి ఉదయం మా గేటు దగ్గర ముసుగు మనిషి ప్రత్యక్షమయ్యాడు.

తడి రుమాలు ముక్కు మీంచి గడ్డం దాకా కట్టుకున్నాడు. చేతిలో పాల క్యాను. అతను ఎవరో పోల్చుకోవడం అసాధ్యం. ఒంటి మీద ఆకుపచ్చ గళ్ళ చొక్కా ఉంది, అలాంటి చొక్కా మా ఎం.ఏ. క్లాసులో ఒక్కడికే ఉంది, అయితే దానివల్ల ఏం తేలుతుంది? క్యాను మూతికి సొట్ట ఉంది. లింగమ్మ క్యానుకీ అక్కడే సొట్ట. ఇంత పెద్ద హైదరాబాదులో సొట్టపడిన క్యాన్లు తక్కువా?

"అమ్మ చెప్పమన్నది. బర్రెపాలు చిక్కగుంటయి, జెర నీళ్ళు కలిపి మరగబెట్టి పట్టుండ్రి" అన్నాడు సుబ్బలక్ష్మితో. ఎవరి అమ్మో చెప్పలేదు.

"అలాగే నాయనా. అమ్మని అడిగానని చెప్పు" అంది సుబ్బలక్ష్మి. ఆవిడా ఎవరి అమ్మో అడగలేదు.

ఇక్కడ బిక్షపతి అనే విద్యార్థి గురించి చెప్పాలి. ఇతనికీ ముసుగు మనిషికీ ఏ సంబంధమూ లేదు. ఇతను లింగమ్మ కొడుకు. నా క్లాసులో ముందు బెంచీ, ఉద్యమంలోనూ ముందు బెంచీయే. రోజూ పది గంటలకల్లా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి, నాలాంటివాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని ఎక్కడినుంచి వచ్చారో అక్కడికి పోవాలని అరిచేవాడు. ఒక్క ఒత్తు జారకుండా అరిచేవాడు. ఆ ఉచ్చారణ నేను నేర్పిందే.

అతని కోపం ఊరికే పుట్టింది కాదు. వాళ్ళన్న బి.ఏ. ప్యాసై మల్కాజ్‌గిరి స్టేషన్‌లో మూటలు మోస్తున్నాడు. అన్నకు రావలసిన నౌకరీ ఎవరికి వచ్చిందో అడగకండి. మా వైపువాడికే వచ్చింది.

"మీ ఇళ్ళకు మీరు పోండి" అని పది గంటలకు అరిచేవాడు, అదే ఇంటికి ఆరు గంటలకు పాలు మోసుకొస్తాడా? ఒక మనిషి వల్ల అయ్యే పనేనా? అందుకే వాళ్ళిద్దరూ వేరువేరు మనుషులని నేను తీర్మానించుకున్నాను. శ్రీనివాసరావు గారు ఏమన్నా సరే, ఇందులో ఔచిత్యానికి లోపం లేదు.

అతని సంగతి తెలిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. తోటివాళ్ళు ద్రోహి అంటారు. లింగమ్మ గేదెను బస్తీలో కట్టేసుకోనివ్వరు. ఆ తర్వాత మా పిల్లకు పాలుండవు. కాబట్టి మా ఇంట్లో అందరం కళ్ళు తెరుచుకుని గుడ్డివాళ్ళమయ్యాం.

శ్రీనివాసరావు గారికి క్యాను కనిపించింది. ఆయన ముసుగూ గిసుగూ లేకుండా, వీధి మధ్య నిలబడి అడిగారు. "వాళ్ళ పాలు పసిపిల్లకి పట్టిస్తున్నారా? అందులో ఏం కలుపుతారో ఏమో చూసుకున్నారా?" అన్నారు. అది గేటు దగ్గర సైకిలు ఎక్కుతున్న ముసుగు మనిషి విన్నాడు. మర్నాడు క్యాను దించాక, మా ఆవిడని గ్లాసు అడిగి తీసుకుని, ఆ పాలే కాసిన్ని పోసుకుని, రుమాలు కొంచెం పైకెత్తి మా ముందు తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వెళ్ళాడు. సిగ్గుతో నాకు ఒళ్ళు చచ్చిపోయింది. అన్నది నేను కాదు, అయినా చచ్చిపోయింది.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక సాయంత్రం విద్యార్థులు గుంపుగా మా గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళ నాయకుడు బుచ్చిరాములు. వెనకే బిక్షపతి, ఆకుపచ్చ గళ్ళ చొక్కాతో.

"సార్, మీ ఇంటికి పాలొస్తున్నయంట. ఎవరు తెస్తున్నరు?" అన్నాడు బుచ్చిరాములు.

"తెలియదు నాయనా. రుమాలు కట్టుకుని వస్తాడు."

"గొంతన్న గుర్తువట్టలేదా?"

"రుమాలు అడ్డం కదా" అన్నాను.

అప్పుడు బిక్షపతి ముందుకు వచ్చాడు. నా వంక సూటిగా చూసి, పోలీసు ఇన్‌స్పెక్టరులాగా అడిగాడు. "మంచిగ యాది చేస్కోని చెప్పుండ్రి సార్. పొడుగుంటడా, పొట్టిగుంటడా?"

బిక్షపతి మా గుమ్మంలోంచి తల వంచకుండా రాలేడు.

"పొట్టి" అన్నాను.

గుంపంతా తిరిగి బుచ్చిరాముల్ని చూసింది. అందరిలోకీ పొట్టివాడు అతనే. అతను బిక్షపతి చొక్కా చేతుల వంక చూశాడు. అక్కడ పాల చారికలు ఎండి తెల్లగా ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసి, "నడువుండ్రి. ఇంక గీడ పనేం లేదు" అని అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఇద్దరు ముసుగు మనుషులు ఉన్నారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. పొట్టివాడి చేతిలో గ్రైప్ వాటర్ సీసా ఉంది.

"పొట్టోడని చెప్పిన్రు గద సార్. చదువు చెప్పేటోళ్ళ మాట అబద్ధం కావద్దని వచ్చిన" అన్నాడు. సీసా మా ఆవిడ చేతికిచ్చి, వారాసిగూడలో ఒక్క దుకాణమే తెరిచి ఉందని చెప్పాడు. వెళ్ళబోతూ ఆగి, "నన్ను గుర్తువట్టలేదు గద?" అని అడిగాడు.

"లేదు బుచ్చిరాములూ" అన్నాను.

"గంతే ఉండాలె" అన్నాడు.

పాత్రపోషణ అంటే ఇది. నాలుగు రకాల నాయకులను కాచి వడబోసినా ఈ రసం దిగదు. శ్రీనివాసరావు గారికి చెబుదామనుకున్నాను గాని, ఆయన రహస్యం దాచుకోగల మొహం కాదు.

పిల్ల తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. ఊరూ కొంచెం చల్లబడింది, కొంచెమే. వాయిదా పడుతూ వచ్చిన బారసాల మూడో నెలలో పెట్టుకున్నాం.

"పాలు తెచ్చినవాణ్ణి పిలవకుండా పిల్లకి పేరు పెట్టనండీ" అంది సుబ్బలక్ష్మి.

"ఎవరో తెలియనివాణ్ణి ఎలా పిలుస్తాం?" అన్నాను. అప్పటికి అబద్ధం నాకు బాగా అలవాటైపోయింది.

"రుమాలు కట్టుకునే రమ్మనండి" అంది.

వచ్చాడు. కొత్త రుమాలు, ఇస్త్రీ చేసింది. చాప మీద ఒక మూల కూర్చున్నాడు. శ్రీనివాసరావు దంపతులూ, వీధిలో మరి కొందరూ ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. సుబ్బలక్ష్మి పాయసం ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ముసుగు హీరోలు నలుగురిలో భోజనం ఎలా చేస్తారో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కాసేపటికి లేచి, పిల్లను చూద్దామని ఉయ్యాల మీదికి వంగాడు. రుమాలు కొస పిల్ల గుప్పిటికి అందింది. లాగింది.

పసిపిల్ల కదా, మర్యాదలు తెలియవు. సినిమాలో సేనాపతి మూడు గంటలు కత్తి తిప్పినా ఊడని ముసుగు, మూడు నెలల పిల్ల చేతిలోకి వచ్చేసింది. దాని కింద బిక్షపతి మొహం ఉంది. నేను నిర్ఘాంతపోయానని రాయడం న్యాయం.

గదిలో ఎవరూ ఏమీ చూడలేదు. శ్రీనివాసరావు గారు తలెత్తి సీలింగ్ ఫ్యాను రెక్కలు పరిశీలించడం మొదలుపెట్టారు. ఆయన భార్య గాజులు సవరించుకున్నారు. కామాక్షి ఉయ్యాల తాళ్ళు సరిచేసింది. బిక్షపతి మొహాన్ని సూటిగా చూసిన మనిషి ఒక్కతే, మా మనవరాలు. చూసి నవ్వింది.

బిక్షపతి గటగటా పాయసం తాగేశాడు. "పేరేం పెట్టిన్రు సార్?" అన్నాడు. పేరు మా ఆవిడే చెప్పింది.

"మంచిగున్నది" అన్నాడు. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా విడదీసి రుమాలు తీసుకున్నాడు. గుమ్మంలో నిలబడి, మళ్ళీ కట్టుకున్నాడు. వీధిలోకి వెళ్ళాలి కదా.

ఆ గొడవల్లో ఒకరోజు రాయి విసిరి మా కిటికీ అద్దం పగలగొట్టినవాడు మొహానికి ఏమీ కట్టుకోలేదు. పగిలిందో లేదో నిలబడి చూసుకుని మరీ వెళ్ళాడు. పాలలో ఏం కలుపుతారో అన్న పెద్దమనిషీ మొహం దాచుకోలేదు. నా శిష్యుడు బిక్షపతి మాత్రం, ఒక పసిదాని కడుపు నింపినందుకు, రుమాలు ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు తడుముకుని మా గడప దాటాడు.

ముసుగు హీరో ఆదర్శమని పైన రాసిందంతా కొట్టేయండి. నాకు ముసుగు హీరో వద్దు. పాలవాడు మొహం చూపించి నడిచే వీధి ఒకటి కావాలి. అది దొరికేదాకా ఒక మనవి. ఈ వ్యాసంలో పేర్లేవీ అసలువి కావు. బిక్షపతి అన్నది కూడా నేను కట్టిన రుమాలే. దయచేసి ఎవరూ గుర్తుపట్టకండి.