పుట్ట మీద చైనా పతకం

సారపాకలో రిటైరై ఉంటున్న బసవపున్నయ్యకు చైనా రాజుల కాలపు పతకాలంటే ప్రాణం. తను కూడబెట్టిన వాటిలో రెండు డ్రాగన్లు మెలికలు తిరిగిన పతకాన్ని చూడటానికి ఆ ఉదయం హైదరాబాదు నుంచి శ్రీధర్ అనే నిపుణుడు వస్తున్నాడు. అది అసలుదని ఆయన తేలిస్తే ఎగ్జిబిషన్‌లో పెడతారు, కింద బసవపున్నయ్య పేరు రాస్తారు. ఇంట్లోవాళ్లు పిచ్చి అని కొట్టిపారేసిన పనికి ఒక్కసారైనా గౌరవం దక్కాలని ఆయన ఆశ. పాపం, స్నానానికి వెళ్లకుండా ఉన్నా బాగుండేది.

తిరిగొచ్చేసరికి పతకం తళతళలాడుతోంది.

“కుందులు తోముకుంట దీన్ని గూడ చింతపండేసి తోమిన. ఎట్ల మెరుస్తుందో చూడండి!” అంది భార్య హైమ సంబరంగా.

“కొంప ముంచినవ్ కదనే! ఆ నలుపు చూస్తేనే కదా పాతదని నమ్మేది!”

శ్రీధర్ బస్సు దిగేలోగా దాన్ని మళ్లీ నల్లబరచాలి. బసవపున్నయ్య పెరట్లోని పుట్టమట్టిలో పతకాన్ని సగం పూడ్చి, కిలుమెక్కాలని పుల్లటి మజ్జిగ పోశాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి నాగక్క గోడ మీంచి తొంగిచూసింది. ఆమెకు కనిపించింది పుట్ట, దాని మీద మెలికలు తిరిగిన జంట పాములు, వాటి మీద తెల్లటి ధార.

“అన్నా, నాగులు వెలిసినయా? ఒక్క మాటన్న చెప్పకపోతివి!”

“వెలుసుడు కాదక్కా, నేనే పెట్టిన. అది చైనాది.”

“అవ్వ! గంత దూరం నుంచి నీ ఇంటికే వచ్చిండంటే ఏమి అదృష్టమే అన్నా!”

కాసేపటికి పెరటి నిండా ఆడవాళ్లు, పాలు, పసుపు, కుంకుమ. “ఏమండీ, నిజంగనే దేవుడా?” అని హైమ చెవిలో అడిగింది. కంగారులో ఆయన తల అడ్డంగా ఊపబోయి నిలువుగా ఊపాడు. ఆమె వెళ్లి తోమిన కుందులు తెచ్చి వెలిగించింది.

ఇంతలో శ్రీధర్ వచ్చాడు. బూట్లు విప్పించి, కాళ్లు కడిగించి, బొట్టు పెట్టి మరీ ఆయన్ని పెరట్లోకి పంపారు. ఏమీ అర్థం కాకపోయినా ఆయన పతకం మీది కుంకుమ తుడిచి, తిరగేసి, భూతద్దంలో చాలాసేపు చూశాడు.

“అసలుదేనండీ! తోమబట్టి వెనక ముద్ర కనిపించింది. లేకపోతే నేనూ చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడే తీసుకెళ్తాను.”

బసవపున్నయ్య కళ్లు చెమర్చాయి. హైమ వంక కృతజ్ఞతగా చూడబోయేలోగా నాగక్క అడ్డం వచ్చింది.

“ఏడికి తీస్కపోతవ్ సారూ? అసలుదని నువ్వే అంటివి. అసలు దేవుణ్ణి కదిలిస్తరా?”

శ్రీధర్ బసవపున్నయ్య వైపు చూశాడు. బసవపున్నయ్య హైమ వైపు చూశాడు. హైమ దీపంలో నూనె పోస్తోంది. చేసేదిలేక శ్రీధర్ ఒక ఫోటోతో, రెండు కొబ్బరిచిప్పలతో బస్సెక్కాడు.

నెల తిరక్కుండా పుట్ట చుట్టూ గద్దె లేచింది. పతకం కింద బసవపున్నయ్య పేరు పెద్ద అక్షరాలతో రాయించారు. చెప్పులు విప్పితే ఆయన కూడా దగ్గరికెళ్లి చదువుకోవచ్చు.