సున్నా ఫిర్యాదులు

తప్పు రౌటర్లది కాదు, కేబుళ్లది కాదు. "ఎవరి పనికీ అంతరాయం ఉండకూడదు" అని నోటీసు రాసి, అది ఎలా సాధ్యమో అడక్కుండానే సంతకం గీకిన పెద్దమనుషులారా, తప్పు మీది.

ఆ ఆస్పత్రి నాలుగు అంతస్తుల్లోని రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి పాతబడింది. నెట్‌వర్క్ ఇంజనీరమ్మ వేసిన పథకంలో మాయలేమీ లేవు. పాతదాన్ని కదపకుండా పక్కనే కొత్తది నడపాలి. ఒక్కో అంతస్తునీ దాని మీదికి మళ్లించాలి. వారం చూశాక పాతది తీసెయ్యాలి. ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆమె ఉద్యోగం ఊడుతుందని కాగితం మాత్రం ముందే చేతిలో పెట్టారు.

పొద్దున్న తొమ్మిదింటికల్లా కింది రెండు అంతస్తులూ చీమ చిటుక్కుమనకుండా మారాయి. అప్పుడు ఊడిపడ్డాడు పరిపాలనాధికారి. పదింటికి కింది హాల్లో మీటింగట. పని మొత్తం అయిపోయిందని డైరెక్టరుగారికి చెప్పాలట.

"ఒక్క పనికి రెండు పద్ధతులెందుకమ్మా? పాతది తీసెయ్."

"మూడూ నాలుగూ ఇంకా దానిమీదే ఉన్నాయి సార్. తీస్తే వాటికి దారుండదు."

నాకు నేర్పకు అన్నాడాయన. హోదాకి తగ్గట్టుండాలని పట్టుబట్టి తీసుకున్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉండనే ఉంది. కీబోర్డు లాక్కుని తనే తీసేశాడు.

పై రెండు అంతస్తులూ తెగిపోయాయి. అక్కడి ఫోన్లు నడిచేదీ ఆ నెట్‌వర్క్ మీదే. అంచేత ఫిర్యాదుల విభాగంలో ఒక్క ఫోనూ మోగలేదు. ఇంజనీరమ్మ పాతది మళ్లీ పెట్టబోతే, మీటింగులో పక్కన నిలబడాలంటూ లేవదీసుకుపోయాడు. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

హాల్లో తెర మీద ఫిర్యాదులు సున్నా అని కనబడింది. డైరెక్టరు తల పంకించి, ఇంత బాగా ఎవరు చేశారని అడిగాడు.

"నేనే సార్. ఈవిడ వారం పడుతుందంది. పాతది నా చేత్తో నేనే తీసేశాను."

తలుపు నెట్టుకుని మూడో అంతస్తు హెడ్ నర్సు వచ్చింది. మెట్లు దిగి పరిగెత్తి రావడంతో రొప్పుతోంది.

"ఆపరేషన్ బల్ల మీద మనిషున్నాడు సార్. స్కాన్ బొమ్మలు రావట్లేదు. మత్తివ్వబోయి ఆపేశారు. చెబుదామంటే ఫోన్లు కూడా చచ్చాయి. ఎవరు చేశారీ పని?"

జవాబు అందరూ అప్పుడే విని ఉన్నారు. డైరెక్టరు ఆయన వంక తిరిగాడు. ఇంజనీరమ్మ ఎవరి అనుమతీ అడక్కుండా గుమ్మం దాకా వెళ్లి, పరిపాలనాధికారి వైపు తిరిగి ఆగింది.

"పాత దారి పెట్టడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. ఈలోగా మీరు మూడో అంతస్తుకెళ్లి, బల్ల మీదున్నాయనకి ఆలస్యం ఎందుకైందో మీ నోటితో చెప్పండి సార్. ఇప్పుడే. ఫోన్ చేసి చెప్దామంటే కుదరదు, మెట్లెక్కండి."