కాయల్లేని జామచెట్టు

ఊళ్లో సగం పొలాలకు హద్దులు చూపించిన సర్వేయరు గారికి, రిటైరయ్యాక సొంత ఇంట్లో కూర్చునే చోటు దొరకలేదు. ముందుగదిలో కూర్చుంటే భార్య చీపురుతో వచ్చి "కాళ్లెత్తండి" అనేది. వంటింట్లో నిలబడితే "పక్కకు జరగండి" అనేది. పొద్దు గుంకేదాకా ఇంట్లో వినబడే మాటలు అవే.

సాయంత్రాలు ఆవిడతో కొండవాలు దాకా నడవాలని ఆయన ఆశ. కానీ ఇన్నేళ్లూ ఆఫీసు పేరు చెప్పి తప్పించుకున్న మనిషి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలుస్తారు? అందుకని ఒక ఎత్తు వేశారు. ఆవిడ కాలేజీలో చెట్ల చదువు చదివింది.

కొండవాలు తుప్పల్లో ఎవరూ నాటని జామచెట్టు ఒకటుంది. కాయ కనబడితే పసిపిల్లలైనా పేరు చెప్పేస్తారు కదా! ఆయన ముందుగా కాయలన్నీ కోసి పక్క గోతిలో పారేసి, ఒక ఆకు ఇంటికి తెచ్చారు.

"ఏదో వింత చెట్టోయ్. నువ్వొచ్చి చూస్తే గానీ తేలదు."

ఆవిడ ఆకు నలిపి వాసన చూసింది. "కొమ్మ తీసుకురండి."

కొమ్మ తెస్తే బెరడు కావాలంది. బెరడు తెస్తే పువ్వేదంది. మోచేతులు గీరుకుపోయేలా చెట్టెక్కి పువ్వూ తెచ్చారు. వెళ్లడం ఒక్కరే, రావడం ఒక్కరే.

"ఇక చెట్టునే పీక్కు రమ్మంటావా?"

"అక్కర్లేదు. ఆదివారం మేమే వస్తాం."

ఆ 'మేము' ఎవరో ఆదివారం ఆటో ఆగాక తెలిసింది. ఆవిడ కాలేజీ స్నేహితురాళ్లు బిలబిలమంటూ దిగారు. వాళ్లంతా కబుర్లతో ముందు, మంచినీళ్ల సంచులతో సర్వేయరు గారు వెనక.

చెట్టు దగ్గర భూతద్దం తెచ్చినావిడ పకపకా నవ్వింది. "పొరలూడే బెరడు, ఎదురెదురు ఆకులు, పలకలు తేలిన లేత కొమ్మ... ఒసే, ఇది జామే! ఎప్పుడో సముద్రాలు దాటొచ్చిన చెట్టు. ఏ పిట్టో ఇక్కడ గింజ విడిచుంటుంది."

"మరి కాయలేవే?" అంటూ వెనక్కి అడుగేసిన ఇంకొకావిడ గోతిలోకి జారింది. "అన్నయ్యగారూ! ఇక్కడి పిట్టలు కాయలు కోసి కుప్ప పోస్తాయా?"

అన్నయ్యగారు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

ఆటో వెళ్లిపోయాక ఆయన మెల్లగా అడిగారు. "జామ అని నీకెప్పుడు తెలిసింది?"

"ఆకు నలపగానే."

"మరి నన్నెందుకే అన్నిసార్లు తిప్పావు?"

"ఉత్త జామచెట్టంటే వాళ్లొస్తారా? రమ్మని ఎన్నాళ్లు పిలిచినా తీరిక లేదన్నవాళ్లు, పేరు తెలియని చెట్టనగానే పరుగెత్తుకొచ్చారు. మాట్లాడే మనిషి లేక నాకూ ఇంట్లో ఊపిరాడట్లేదండీ."

"నేనున్నానుగా!"

"ఉన్నారు. 'నడుద్దాం రా' అని ఒక్క మాట అనలేక చెట్టు చెట్టంతా దులిపేశారు."

సర్వేయరు గారు గొంతు సవరించుకున్నారు. "అయితే... రేపు సాయంత్రం నడుద్దాం, వస్తావా?"

"రేపు మేమంతా ఏటిగట్టుకి వెళ్తున్నాం" అంది ఆవిడ, ఖాళీ సంచులు ఆయన భుజాన సర్దుతూ. "నీళ్లు మోసే మనిషి కావాలి. మీరొస్తారా?"